వారెంట్ రద్దయింది.. మరి ఆ సంగతి స్టేషన్‌కు తెలుసా? ఈ-వారెంట్ విధానంలో మీరు తెలుసుకోవాల్సినవి

మీ సొంతూరు తాడేపల్లిగూడెం. ఉద్యోగం హైదరాబాద్‌లో. నాలుగేళ్ల కిందట ఉల్లి వ్యాపారికి ఇచ్చిన చెక్ బౌన్స్ అయి, ఊళ్లో కోర్టు కేసు నడుస్తోంది. సెలవు దొరక్క రెండు వాయిదాలకు వెళ్లలేదు. మూడో వాయిదాకు మేజిస్ట్రేట్ నాన్ బెయిలబుల్ వారెంట్ ఇచ్చారు. సంగతి తెలిసి పరుగున వచ్చారు. లాయర్‌తో పిటిషన్ వేయించి, కోర్టులో నిలబడ్డారు. వారెంట్ రద్దయింది. హమ్మయ్య అనుకుని రైలెక్కేశారు.

పది రోజుల తర్వాత పండక్కి ఊరొచ్చారు. పొద్దున్నే గుమ్మం ముందు కానిస్టేబుల్. చేతిలో అదే వారెంట్.

‘‘అది రద్దయిపోయింది కదండీ.’’

‘‘మాకు కాగితం ఏమీ రాలేదండీ. స్టేషన్‌కు రండి, అక్కడ మాట్లాడుకుందాం.’’

ఇది పరిస్థితి అర్థం కావడానికి చెప్పుకున్న ఉదాహరణ. కానీ ఇలాంటివి నిజంగా జరుగుతాయి. ఇలాంటి ఓ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. దాని గురించి కింద చెప్పుకుందాం.

వారెంట్ల ప్రక్రియను ఎలక్ట్రానిక్ విధానంలోకి మార్చడం అంటే, నిందితుల్ని పోలీసులు త్వరగా పట్టుకోవడానికే అని చాలామంది అనుకుంటారు. అది సగమే. వారెంట్ ఎంత వేగంగా స్టేషన్‌కు చేరుతుందో, దాని రద్దు కూడా అంతే వేగంగా చేరాలి. సామాన్యుడికి ఈ రెండో సగమే ముఖ్యం. కొత్త విధానంలో ఏముంది, ఏం మారుతుంది, మీరు చేయాల్సింది ఏమిటి అన్నది చూద్దాం.

అసలు వారెంట్ దాకా ఎందుకు వస్తుంది?

కోర్టు ముందుగా సమన్లు పంపుతుంది. ‘ఫలానా తేదీన హాజరు కండి’ అని చెప్పడమే దాని పని. రాకపోతే బెయిలబుల్ వారెంట్ ఇస్తుంది. పోలీసులు వచ్చినప్పుడు అందులో రాసిన ప్రకారం పూచీకత్తు ఇస్తే వదిలేస్తారు. అప్పటికీ రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్. కోర్టుల్లో, స్టేషన్లలో దీన్నే ఎన్‌బీడబ్ల్యూ అంటారు. దీని మీద అరెస్ట్ చేస్తే కోర్టు ముందు హాజరుపరచాల్సిందే.

ఫిర్యాదు కేసుల్లో ఈ మెట్ల వరస పాటించాలని, ఎడాపెడా ఎన్‌బీడబ్ల్యూలు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. కానీ సమన్లు మీకు అందకపోయినా, ‘అందాయి’ అనో ‘తీసుకోలేదు’ అనో రిపోర్టు వెళితే? కోర్టు దృష్టిలో మీరు కావాలని రానివారే అవుతారు. పై మెట్టు ఎక్కడం అక్కడే మొదలవుతుంది.

ఒకసారి ఇచ్చిన వారెంట్‌కు గడువు తీరడమంటూ ఉండదు. ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అది అమలయ్యేదాకా చెల్లుతుంది. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 70(2) ఈ మాట చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇదే నిబంధన సెక్షన్ 72(2)గా ఉంది. 

కాగితం ప్రయాణం ఎలా ఉంటుంది?

మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇస్తారు. కోర్టు సిబ్బంది వారెంట్ తయారుచేస్తారు. సంతకం, సీలు పడతాయి. కోర్టు పనులు చూసే కానిస్టేబుల్ దాన్ని స్టేషన్‌కు తీసుకెళ్తారు. అక్కడ రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. స్టేషన్ అధికారి దాన్ని ఒకరికి అప్పగిస్తారు. వాళ్లు వెళ్లి వెతుకుతారు. మనిషి దొరికితే అరెస్ట్, లేకపోతే వారెంట్ వెనక రిపోర్టు రాసి కోర్టుకు తిరిగి పంపడం.

మనిషి వేరే జిల్లాలో ఉంటే దారి ఇంకా పొడవు. వారెంట్‌ను దేశంలో ఎక్కడైనా అమలు చేయొచ్చని సెక్షన్ 79 చెబుతోంది. కానీ కోర్టు పరిధి దాటితే దాన్ని అక్కడి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కో, ఎస్పీకో, కమిషనర్‌కో పంపాలి. అక్కడి నుంచి స్థానిక స్టేషన్‌కు వెళ్లాలి.

రద్దు ఉత్తర్వు కూడా ఈ మెట్లన్నీ మళ్లీ దిగి రావాలి. పైగా వారెంట్‌ను ‘ఎప్పుడు అమలు చేస్తారు’ అని కోర్టు అడుగుతుంది, పై అధికారులు అడుగుతారు. రద్దు కాగితం చేరిందా అని అడిగేవారు సాధారణంగా ఒక్కరే. ఆ వారెంట్ ఎవరి పేరున ఉందో వాళ్లు.

2002 ఆగస్టు 15న ఏం జరిగింది?

ముంబయిలో ఒక న్యాయవాదిపై జారీ అయిన ఎన్‌బీడబ్ల్యూను కోర్టు 2002 ఆగస్టు 12న రద్దు చేసింది. మూడు రోజుల తర్వాత, స్వాతంత్య్ర దినోత్సవం నాడు, పోలీసులు ఆ పాత వారెంట్‌పైనే ఆయన్ను అరెస్ట్ చేశారు. ఆయన న్యాయవాది కాబట్టి వదిలిపెట్టలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2011 సెప్టెంబర్‌లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నింటికీ కొన్ని సూచనలు చేసింది. వాటిలో ముఖ్యమైనవి:

• ప్రతి వారెంట్‌నూ కోర్టు రిజిస్టర్‌లో వరుస సంఖ్యతో నమోదు చేయాలి. ఆ సంఖ్య వారెంట్ మీద కనిపించాలి.

• అలాంటి రిజిస్టరే పోలీస్ స్టేషన్‌లోనూ ఉండాలి. వారెంట్‌ను ఎవరికి అప్పగించారో రాయాలి.

• వారెంట్ తిరిగి రావాల్సిన తేదీ నాటికి ఏమైందో కోర్టు రిపోర్టు అడగాలి.

• వారెంట్ రద్దయితే ఆ ఉత్తర్వును కేసు ఫైల్లో, రిజిస్టర్‌లో రాయాలి. సంబంధిత అధికారికి ప్రతి పంపి, వారెంట్‌ను అమలు చేయకుండా వెంటనే వెనక్కి తెప్పించుకోవాలి.

• రద్దు ఉత్తర్వు ప్రతిని నిందితుడికీ ఇవ్వాలి.

చివరి రెండూ జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. రద్దు ఉత్తర్వు కాపీ అడగడం మీరు కోరే ఉపకారం కాదు, సర్వోన్నత న్యాయస్థానం మీకు ఇవ్వమన్న కాగితం. ఇక ఎలక్ట్రానిక్ విధానం చేయాల్సింది కూడా ఒక్క ముక్కలో ఇదే: కోర్టు రిజిస్టరు, స్టేషన్ రిజిస్టరు రెండూ ఒకటే అయిపోవాలి.

ఈ-వారెంట్ వెనుక ఏ వ్యవస్థలు ఉన్నాయి?

‘ఈ-వారెంట్’ అన్న పేరుతో ఒక్కటే యాప్ ఉందనుకోవద్దు. నాలుగు వ్యవస్థలు కలిస్తేనే ఇది నడుస్తుంది.

మొదటిది కోర్టుల్లోని సీఐఎస్. కేసు నంబరు, వాయిదాలు, ఉత్తర్వులు ఇందులో నమోదవుతాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలతో ఒక సీఎన్‌ఆర్ నంబరు ఇస్తుంది. మనిషికి ఆధార్ ఎలాగో కేసుకు ఇది అలాగన్నమాట.

రెండోది ఎన్‌స్టెప్. సమన్లు, నోటీసుల వంటివి ఎక్కడిదాకా వెళ్లాయో చూపే వ్యవస్థ. కోర్టు బెయిలిఫ్‌ల చేతిలోని ఫోన్లో యాప్ ఉంటుంది. వాళ్లు ఏ చోటికి వెళ్లారో జీపీఎస్‌లో నమోదవుతుంది. కాగితం తీసుకున్నవారి ఫొటో, ఫోన్ తెర మీదే సంతకం తీసుకుంటారు. ఇంటికి తాళం ఉంటే ఆ ఇంటి ఫొటో తీస్తారు.

మూడోది పోలీసుల సీసీటీఎన్‌ఎస్. దేశంలోని స్టేషన్లను కలుపుతూ 2009లో కేంద్రం ఆమోదించిన ప్రాజెక్టు. ఎఫ్‌ఐఆర్‌లు, అరెస్టులు, ఛార్జిషీట్లు ఇందులోకి వస్తాయి.

నాలుగోది ఈ అన్నింటినీ కలిపే ఐసీజేఎస్. పోలీసు, కోర్టు, జైలు, ప్రాసిక్యూషన్, ఫోరెన్సిక్ ల్యాబ్ అనే అయిదు స్తంభాల మధ్య సమాచారం నేరుగా వెళ్లేలా దీన్ని రూపొందించారు. ఒక సమాచారాన్ని ఒక్కసారే, ఒక్కచోటే ఎక్కించాలన్నది దీని సూత్రం. దీని రెండో దశకు 2022 ఫిబ్రవరిలో కేంద్రం రూ.3,375 కోట్లు కేటాయించింది. ఈ-కోర్టుల మూడో దశకు 2023 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ రూ.7,210 కోట్లతో ఆమోదం తెలిపింది. కొత్త క్రిమినల్ చట్టాలకు తోడుగా ఈ-సమన్ సహా నాలుగు యాప్‌లను 2024 ఆగస్టు 4న చండీగఢ్‌లో కేంద్ర హోంమంత్రి ప్రారంభించారు.

ఇవన్నీ అనుకున్నట్టు కలిసి పనిచేస్తే, మేజిస్ట్రేట్ ‘వారెంట్ రీకాల్’ అన్న ఉత్తర్వు సీఐఎస్‌లో ఎక్కగానే ఆ మార్పు స్టేషన్ కంప్యూటర్‌లోనూ కనిపించాలి. కానిస్టేబుల్ బండి తీసేముందు ఒకసారి తెర చూసుకుంటే చాలు.

చట్టం దీనికి ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. సమన్లు, వారెంట్ల జారీ, అందజేత, అమలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరపొచ్చని కొత్త సంహితలోని సెక్షన్ 530 చెబుతోంది. సమన్లను ఎన్‌క్రిప్ట్ చేసి ఎలక్ట్రానిక్‌గా పంపొచ్చని, వాటి మీద కోర్టు సీలు చిత్రం లేదా డిజిటల్ సంతకం ఉండాలని సెక్షన్ 63 అంటోంది. చిరునామా, ఈమెయిల్, ఫోన్ నంబర్లు రాసే రిజిస్టర్‌ను స్టేషన్‌లోనో, కోర్టులోనో నిర్వహించాలని సెక్షన్ 64లో ఉంది.

మీ ఫోన్ నంబరు మార్చి రెండేళ్లయినా కోర్టు రికార్డుల్లో పాతదే ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. సమన్లు ఎవరి ఫోన్‌కో వెళ్తాయి. ఎలక్ట్రానిక్‌గా పంపిన సమన్లను అందినట్టే పరిగణించొచ్చని సెక్షన్ 70 చెబుతోంది. అంటే సిమ్ మార్చిన సంగతి ఇక కోర్టుకూ చెప్పాల్సిన రోజులివి.

అయితే అన్నిటికీ ఎలక్ట్రానిక్ దారి లేదు. అరెస్ట్ చేయకుండా ‘విచారణకు రండి’ అని పోలీసులు ఇచ్చే సెక్షన్ 35 నోటీసును వాట్సాప్‌లోనో, ఇతర ఎలక్ట్రానిక్ పద్ధతుల్లోనో ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. ఆ ఉత్తర్వు మార్చాలన్న వినతిని అదే ఏడాది జులైలో తోసిపుచ్చింది. ఆ నోటీసుకు స్పందించకపోతే అరెస్ట్ దాకా వెళ్తుంది, మనిషి స్వేచ్ఛకు సంబంధించిన విషయం కాబట్టి నేరుగా చేతికే అందాలన్నది కోర్టు ఉద్దేశం.

కొల్లేరు లంకల్లో జీపీఎస్‌తో ఏం పని?

ఏలూరు నుంచి కైకలూరు వైపు కొల్లేరు గ్రామాలకు వెళ్లినవారికి ఆ దారుల సంగతి తెలుసు. చేపల చెరువుల గట్ల మీదుగా వెళ్లాలి. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండితే రోడ్డు నీట మునుగుతుంది. కొన్ని లంక గ్రామాలకు పడవే దిక్కు. ఇంటి యజమాని చెరువు గట్టు మీది కాపలా పాకలో ఉంటాడు, లేదా చేపల లోడుతో లారీ వెంట వెళ్లి ఉంటాడు.

ఇలాంటి చోటికి ఒక సమన్ కాగితం పట్టుకుని వెళ్లడం చిన్న పని కాదు. వెళ్లకుండానే ‘ఇంటికి తాళం’ అని రాసేయాలన్న ఆశ ఎవరికైనా కలగొచ్చు. అలా రాసిన ఒక్క వాక్యం, ఏ పాపం తెలియని మనిషిని వారెంట్ దాకా తీసుకెళ్తుంది. జీపీఎస్ గుర్తు, తాళం వేసిన తలుపు ఫొటో తప్పనిసరి చేస్తే ఈ అవకాశం తగ్గుతుంది. నిజంగా అంత దూరం వెళ్లొచ్చిన ఉద్యోగికి కూడా ‘వెళ్లాను’ అనడానికి అదే సాక్ష్యం. కాబట్టి ఇది ఇద్దరికీ రక్షణే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన పల్లెల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ముగ్గురు నలుగురు ఉండటం మామూలే. ఊరి కానిస్టేబుల్‌కు వాళ్లలో ఎవరు ఎవరో తెలుస్తుంది. కంప్యూటర్‌కు తెలియదు. పేరుతో వెతికి అరెస్ట్‌కు బయల్దేరితే పొరపాటు జరిగిపోతుంది. తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు, కేసు నంబరు కలిపి సరిపోల్చాకే అడుగు వేయాలి. పోలీసులు మీ ఇంటికి వస్తే మీరు మొదట చూడాల్సిందీ ఈ వివరాలే.

జిల్లా మారింది, కేసు ఎక్కడుంది?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన ఏలూరు, అదే పేరుతో కొత్త జిల్లా అయింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు, ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కొల్లేరు సరస్సు ఒక్కటే అయినా చుట్టూ ఉన్న ఊళ్లకు జిల్లాలు వేరు, ఎస్పీలు వేరు.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం 50 కిలోమీటర్ల లోపు. కానీ వారెంట్ లెక్కలో అది వేరే జిల్లా. పోలీసు జిల్లా సరిహద్దులు మారినంత మాత్రాన కోర్టు పరిధి అదే రోజు దానంతటదే మారిపోదు. 2022కు ముందు జారీ అయిన వారెంట్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, రద్దు కాగితం ఎవరికి పంపాలి అన్న ప్రశ్న ఇలాంటి చోట్లే వస్తుంది. ఏ జిల్లాలోనైనా తెర మీద ఒకే రికార్డు కనిపించే విధానం ఇలాంటి సరిహద్దు ప్రాంతాలకు మరీ అవసరం.

కంప్యూటర్‌లో ఉంటే నమ్మేయొచ్చా?

ఇక్కడే జాగ్రత్త కావాలి. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 2004లో ఒక వ్యక్తి గురించి పోలీసులు పక్క కౌంటీకి ఫోన్ చేసి అడిగారు. అక్కడి కంప్యూటర్‌లో అతని మీద వారెంట్ ఉన్నట్టు కనిపించింది. వెంటనే అరెస్ట్ చేశారు. అసలు కాగితం కోసం వెతికితే, ఆ వారెంట్ అయిదు నెలల కిందటే రద్దయిందని కొద్ది నిమిషాల్లోనే తేలింది. రద్దు సంగతి కంప్యూటర్‌లో ఎక్కించలేదు, అంతే. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. ఆ సోదాలో దొరికినవాటిని సాక్ష్యంగా వాడొచ్చా అన్న వివాదం ఆ దేశ సుప్రీంకోర్టుకు వెళ్లింది. వాడొచ్చని 2009లో 5-4 మెజారిటీతో తీర్పు వచ్చింది.

చూశారా, అక్కడ వారెంట్ కంప్యూటర్ వేగంతో వెళ్లింది, రద్దు మాత్రం గుమాస్తా చేతిలో ఆగిపోయింది. కాగితాల కాలంలో పాత వారెంట్ ఏ బీరువా అడుగునో పడి ఉండేది. ఇప్పుడు ఎక్కడ ఎవరు పేరు కొట్టినా పైకి తేలుతుంది. అందుకే జారీని మాత్రమే ఎలక్ట్రానిక్ చేసి రద్దును కాగితానికే వదిలేస్తే, సామాన్యుడికి మునుపటి కన్నా ఎక్కువ ప్రమాదం.

మన దేశంలో బెయిల్ ఉత్తర్వుల విషయంలో ఇలాంటి సమస్యే వచ్చింది. బెయిల్ వచ్చినా కాగితం చేరక ఆగ్రా జైల్లో ఖైదీలు మగ్గిపోయిన సంగతి 2021 జులైలో సుప్రీంకోర్టు దృష్టికి వెళ్లింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం వాసి. డిజిటల్ కాలంలోనూ ఉత్తర్వుల కోసం పావురాలు వస్తాయేమోనని ఆకాశం వైపు చూస్తున్నామని ఆయన ఆవేదన చెందారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు ఉత్తర్వులను జైళ్లకు, అధికారులకు నేరుగా పంపే ఫాస్టర్ వ్యవస్థ 2022 మార్చి 31న ప్రారంభమైంది. బెయిల్‌కు చేసిన ఆ ఆలోచన వారెంట్ రీకాల్‌కూ కావాలి.

మీ మీద వారెంట్ ఉందేమో ఎలా చూసుకోవాలి?

మీ పేరున ఏదైనా కేసు ఉంటే, లేదా ఉందని అనుమానం ఉంటే ఇలా చేయండి:

1. ఫోన్‌లో ‘ఈకోర్ట్స్ సర్వీసెస్’ యాప్ వేసుకోండి. వెబ్‌సైట్ కూడా ఉంది. ఇది ఉచితం.

2. సీఎన్‌ఆర్ నంబరు ఉంటే నేరుగా కొట్టండి. లేకపోతే కేసు నంబరు, ఎఫ్‌ఐఆర్ నంబరు, పార్టీ పేరు, లాయర్ పేరుతో వెతకొచ్చు. కొత్త జిల్లా పేరు మీద కోర్టు కనిపించకపోతే పాత జిల్లా పేరుతో చూడండి.

3. తర్వాతి వాయిదా తేదీ, కేసు ఏ దశలో ఉందన్నది చూడండి. ఆ దశ దగ్గర వారెంట్ అనో, ఎన్‌బీడబ్ల్యూ అనో ఉంటే ఆలస్యం చేయకుండా లాయర్‌ను కలవండి.

4. కేసును యాప్‌లోని ‘మై కేసెస్’లో భద్రపరచుకోండి. మళ్లీ మళ్లీ వెతికే పని ఉండదు.

5. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను కూడా సంప్రదించొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం అందుతుంది.

రద్దయ్యాక ఈ మూడు పనులు మరవద్దు

రీకాల్ ఉత్తర్వు రాగానే దాని సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు చేయండి. ఈలోగా ఆ రోజు కోర్టు ఉత్తర్వు వెబ్‌సైట్‌లో పెడితే డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో ఉంచుకోండి.

కాపీ చేతికి రాగానే ఒక ప్రతిని వారెంట్ వెళ్లిన స్టేషన్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద ముట్టినట్టు సంతకం, తేదీ, స్టేషన్ ముద్ర వేయించుకోండి. వారెంట్ వేరే జిల్లాకు కూడా వెళ్లి ఉంటే అక్కడా ఇవ్వండి.

చివరగా, కోర్టులో మీ ప్రస్తుత చిరునామా, ఫోన్ నంబరు నమోదు చేయించండి. అసలు కథ మొదలైంది అక్కడే కదా.

వ్యవస్థలు పూర్తిగా కలిసిన నాడు ఈ రెండో పని అవసరం ఉండకూడదు. అప్పటిదాకా మీ జాగ్రత్తలో మీరు ఉండటం మంచిది.

పోలీసులు ఇంటికి వస్తే మీ హక్కులేమిటి?

• వారెంట్‌లో ఏముందో మీకు చెప్పాలి. చూపమని అడిగితే చూపాలి. ఇది సెక్షన్ 77.

• అరెస్ట్ చేస్తే ఆలస్యం లేకుండా, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు కోర్టు ముందు హాజరుపరచాలి. ఇది సెక్షన్ 78.

• వారెంట్ ఇచ్చిన జిల్లా దాటి, ఉదాహరణకు హైదరాబాద్‌లో అరెస్ట్ చేస్తే, ఆ కోర్టు 30 కిలోమీటర్ల లోపు లేనప్పుడు స్థానిక మేజిస్ట్రేట్ లేదా పోలీసు ఉన్నతాధికారి ముందుకు తీసుకెళ్లాలి. నేరం చెక్ బౌన్స్ లాంటి బెయిలబుల్ నేరమైతే, మీరు పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే, అక్కడే బెయిల్ తీసుకోవచ్చు. సెక్షన్ 82, 83 చదివించుకోండి.

• అరెస్ట్ సంగతిని మీ బంధువుకో, మిత్రుడికో వెంటనే తెలియజేయాలి. అరెస్టయినవారి వివరాలు ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో డిజిటల్ రూపంలోనూ ప్రదర్శించాలని సెక్షన్ 37 చెబుతోంది.

• అసాధారణ పరిస్థితుల్లో తప్ప, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు మహిళలను అరెస్ట్ చేయకూడదు.

రద్దయిన వారెంట్‌తో ఎవరైనా వస్తే గొడవ పడకండి. ఉత్తర్వు చూపండి. యాప్‌లో సీఎన్‌ఆర్ కొట్టి చూడమనండి. లాయర్‌కు ఫోన్ చేయండి.

వాట్సాప్‌లో వారెంట్ వచ్చిందా?

కోర్టు వ్యవహారాలు ఫోన్‌లోకి వస్తున్నాయని తెలిసి మోసగాళ్లూ ఫోన్‌లోకే వచ్చారు. సీలు, సంతకం, సింహాల ముద్రతో నకిలీ వారెంట్ పంపి, వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి, ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు’ అంటారు. డిజిటల్ అరెస్ట్ అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. ప్రధానమంత్రి సైతం 2024 అక్టోబర్ 27 నాటి మన్ కీ బాత్‌లో ఈ మాటే చెప్పారు.

అసలుకూ నకిలీకీ తేడా పట్టడం కష్టమేమీ కాదు. అసలు వారెంట్ ఒక కోర్టుది, దాని వెనుక ఒక కేసు ఉంటుంది. కేసు నంబరు, కోర్టు పేరు, సీఎన్‌ఆర్ అడగండి. యాప్‌లో మీరే స్వయంగా వెతకండి, వాళ్లు పంపిన లింకు నొక్కొద్దు. వారెంట్ రద్దు చేయడానికి ఏ కోర్టూ, ఏ స్టేషనూ ఫోన్‌పేలో డబ్బు అడగదు. అడిగారంటే మోసమే. వెంటనే 1930కు ఫోన్ చేయండి.

చివరగా ఒక్క మాట

మీ ప్రాంతంలో ఈ-వారెంట్ విధానం బాగా పనిచేస్తోందని ఎవరైనా చెబితే, ‘ఎన్ని వారెంట్లు అమలు చేశారు’ అని మాత్రమే అడగకండి. ‘మధ్యాహ్నం మూడింటికి కోర్టు రీకాల్ చేసిన వారెంట్, ఆ సాయంత్రం స్టేషన్ తెర మీద రద్దయినట్టు కనిపిస్తోందా?’ అని అడగండి. అవుననే జవాబు వచ్చిననాడు, పండక్కి ఊరొచ్చిన మనిషి రద్దు కాగితం జేబులో పెట్టుకు తిరగక్కర్లేదు.